మొదటి నిమిషం

అందరికీ నమస్కారం.

మైకు వినిపిస్తోందా? వెనక ఫ్యాను కింద కూర్చున్నవాళ్ళకి? సరే.

నేను మొదలుపెట్టి అర నిమిషం కాలేదు, అప్పుడే మూడో వరసలో ఒకాయన ఫోను తీశారు. తప్పు ఆయనది కాదండీ, నాది. ఈ సంగతి నాకు పరిషత్తు నాటకాల రోజుల్లోనే తెలుసు. తెర లేచాక ప్రేక్షకుడు మనకిచ్చే గడువు ఒక్క నిమిషం. ఆ నిమిషంలో వాడి చెవి మన వైపు తిరిగిందా, గంటన్నర కూర్చుంటాడు. తిరగలేదా, లేచి బయటికెళ్ళి మిరపకాయ బజ్జీలు తింటాడు. మనం లోపల ఎంత గొప్పగా ఏడ్చినా వాడికి వినిపించేది బాండీలో నూనె చప్పుడే.

ఇవాళ నేను చెప్పబోయే మనిషి ఆ ఒక్క నిమిషం మీదే బతుకు నడిపినవాడు. పేరు మార్క్ బిల్లింగ్‌హామ్. ఇంగ్లాండు మనిషి. మొదట నటుడు. తర్వాత స్టేజి మీద ఒంటరిగా నిలబడి జనాన్ని నవ్వించి పొట్టపోసుకున్నవాడు. నలభై ఏళ్ళ వయసులో మొదటి క్రైమ్ నవల అచ్చు వేయించి, ఇవాళ్టికి పాతిక దాకా తెచ్చినవాడు.

డిటెక్టివ్ నవలల మీద మాట్లాడమని నన్ను అడిగినప్పుడు, అందరూ నేను కొమ్మూరి సాంబశివరావు గారి మీద మాట్లాడతాననుకున్నారు. డిటెక్టివ్ యుగంధర్ గురించి, అసిస్టెంట్ రాజు గురించి నాకంటే బాగా చెప్పేవాళ్ళు ఈ హాల్లోనే నలుగురున్నారు. వాళ్ళ ముందు నేను ఆ సాహసం చేయను. పైగా బిల్లింగ్‌హామ్‌ని ఎంచుకోవడంలో నా స్వార్థం కూడా ఒకటుంది. అది మధ్యలో మీకే తెలుస్తుంది.

లండన్లో లీస్టర్ స్క్వేర్ దగ్గర కామెడీ స్టోర్ అని ఒక క్లబ్బు ఉంది. 1979లో మొదలైంది. తొలి రోజుల్లో అక్కడ ఒక పద్ధతి ఉండేది. ఎవరైనా స్టేజి ఎక్కి జోకులు చెప్పొచ్చు. బాగా లేకపోతే జనం గోల చేస్తారు, పక్కనున్న పెద్ద గంట ఠంగుమని మోగుతుంది. మోగిందంటే దిగిపోవాల్సిందే. వాక్యం మధ్యలో ఉన్నా సరే. బిల్లింగ్‌హామ్ ఆ రంగంలోకి వచ్చేది 1987లో. ఆ తర్వాత అదే క్లబ్బులో పోస్టరు మీద పేరు అందరికంటే పైన వేయించుకునే స్థాయికి వెళ్ళాడు. ఆ గంట గురించి మాత్రం గుర్తుపెట్టుకోండి. ఆయన నవలలు చదువుతుంటే నాకు ఎక్కడో ఆ గంట కనిపిస్తూనే ఉంటుంది.

ఇప్పుడు కొంచెం వెనక్కి వెళదాం.

ఆయన పుట్టింది 1961 జులై 2న, బర్మింగ్‌హామ్ పక్కనే ఉన్న సోలిహల్‌లో. పెరిగింది బర్మింగ్‌హామ్‌లోని మోస్లీలో. చదువు కూడా ఆ ఊళ్ళోనే, యూనివర్సిటీలో డిగ్రీ కూడా ఆ ఊళ్ళోనే. డిగ్రీ దేన్లో? నాటకాల్లో. మన ఇళ్ళలో అయితే ఈ మాట చెప్పినరోజు అన్నం పెట్టేవాళ్ళు కాదు.

చదువయ్యాక స్నేహితులతో కలిసి ఒక నాటక సమాజం పెట్టారు. పేరు బ్రెడ్ అండ్ సర్కసెస్. సోషలిస్టు భావాలున్న కుర్రాళ్ళు. బళ్ళకి, కాలేజీలకి, వీధి కూడళ్ళకి వెళ్ళి ఆడేవాళ్ళు. మన ప్రజానాట్యమండలి సంగతి తెలిసినవాళ్ళకి ఆ వాతావరణం వేరే చెప్పక్కర్లేదు. వీధి నాటకంలో టిక్కెట్టుండదు, తలుపుండదు. నచ్చనివాడు నడిచి వెళ్ళిపోతాడు, అంతే. ఆ రకంగా చూస్తే ఆయన మొదటి బడి కామెడీ స్టోర్ కాదు, బర్మింగ్‌హామ్ వీధులు.

ఎనభైల మధ్యలో లండన్ చేరాడు. టీవీ సీరియళ్ళలో చిన్నచిన్న వేషాలు దొరికాయి. డెంప్సీ అండ్ మేక్‌పీస్, జూలియట్ బ్రేవో, బూన్, ది బిల్. ఇందులో ది బిల్ అనేది పోలీస్ స్టేషన్ చుట్టూ తిరిగే సీరియల్, 2010 దాకా నడిచింది. అప్పట్లో ఇంగ్లాండులో వేషం దొరక్క తిరిగే ప్రతి నటుడికీ ఒకసారి కడుపు నింపిన సీరియల్ అది. బిల్లింగ్‌హామ్‌కి ఎలాంటి వేషాలు ఇచ్చారంటే, ఫుట్‌బాల్ మ్యాచి దగ్గర కొట్లాడే రౌడీ, మత్తుమందుకి అలవాటుపడ్డవాడు, లంచగొండి పోలీసు, నోటి దురుసు పోలీసు. మొహం చూసి వేషం ఇచ్చేవాళ్ళు. ఏం నటించగలవు అని అడిగినవాడు లేడు, ఎలా ఉన్నావు అన్నదే లెక్క. ఆయనకి నటన మీద మనసు విరిగింది అక్కడే.

నా స్వార్థం ఇదేనండీ. నేను పన్నెండేళ్ళు పరిషత్తుల్లో ఆడాను. పన్నెండేళ్ళూ పోలీసే. ఎత్తు, మీసం, కొంచెం పొట్ట. ఒకే ఒక్కసారి దర్శకుడి కాళ్ళావేళ్ళా పడి కథానాయకుడి తమ్ముడి వేషం సంపాదించాను. తీరా మూడో రంగంలో తెలిసింది, ఆ తమ్ముడు పోలీసు. (నవ్వులు) నవ్వండి, పర్వాలేదు. ఒకే వేషం పదిసార్లు వేస్తే ఒక లాభం మాత్రం ఉంటుంది. ఆ టోపీ కింద మనిషి ఎవడా అని ఆలోచించడం మొదలవుతుంది. డ్యూటీ దిగాక వాడు ఇంటికెళ్ళి ఏం తింటాడు? ఏ పాటలు వింటాడు? రచయిత ఇచ్చిన డైలాగుల్లో అవి ఉండవు. నేను ఆలోచించి ఊరుకున్నాను. బిల్లింగ్‌హామ్ నవల రాశాడు.

దానికి ఇంకా టైముంది. మధ్యలో స్టాండప్ వచ్చింది. మనకి ఇప్పుడు హైదరాబాదులో కుర్రాళ్ళు కాఫీ షాపుల్లో చేస్తున్నారే, అదే. మొదట్లో మైక్ మోల్ అనే ఆయనతో కలిసి జంటగా ట్రేసీ బ్రదర్స్ అన్న పేరుతో చేశాడు, తర్వాత ఒంటరిగా. ఈ పనిలో ఆయనకి నచ్చింది ఒకటే. ఇక్కడ మొహం ఎలా ఉందో ఎవడికీ అక్కర్లేదు. నవ్వించావా, లేదా. వేషం ఇచ్చేవాడి గుమ్మం ముందు నిలబడే బాధ లేదు.

1989లో బీబీసీ పిల్లల కార్యక్రమంలో ఒక వేషం వచ్చింది. ఆయన పేరు చెబితే ఇంగ్లాండులో ఇవాళ యాభై ఏళ్ళ వయసున్నవాళ్ళు మొదట గుర్తుచేసుకునేది నవలని కాదు, దీన్నే. మెయిడ్ మేరియన్ అండ్ హర్ మెర్రీ మెన్. రాబిన్ హుడ్ కథని తిరగేశారు. ఇందులో రాబిన్ హుడ్ పిరికివాడు, బట్టల మీద మోజున్న దర్జీ. ముఠాని నడిపే బుర్ర, ధైర్యం అంతా మేరియన్‌వి. రాసింది టోనీ రాబిన్సన్, నాటింగ్‌హామ్ షెరీఫ్‌గా వేసింది కూడా ఆయనే. ఆ షెరీఫ్ దగ్గర ఇద్దరు భటులుంటారు, గ్యారీ, గ్రేమ్. చెడ్డవాడి దగ్గర పనిచేసే మంచి మొద్దులు. గ్యారీ మన బిల్లింగ్‌హామ్. 1994 దాకా నడిచింది. చూడండి, ఇక్కడ కూడా యూనిఫారమే. కాకపోతే ఈసారి ఆ యూనిఫారం లోపల ఒక పాపం మనిషి ఉన్నాడు.

ఆ తర్వాత పీటర్ కాక్స్ అనే మిత్రుడితో కలిసి పిల్లల టీవీకి రాయడం మొదలుపెట్టాడు. ఒక పక్క క్రైమ్ నవలల పిచ్చి. తొలి ముద్రణలు వెతికి వెతికి కొనేవాడు. కొనడానికి డబ్బులు చాలక సమీక్షలు రాసేవాడు, సమీక్షకి పుస్తకం ఉచితం కదా. ఈ ఉపాయం మన హాల్లో కూడా కొందరికి తెలుసనుకుంటాను, పేర్లు చెప్పను.

ఇప్పుడు అసలు విషయం. జోకులు చెప్పేవాడు హత్యల నవలలు రాయడమేమిటి అని ఆయన్ని ప్రతి సభలోనూ అడుగుతారు. ఆయన ప్రతిసారీ చెప్పే జవాబు సారాంశం, రెండు పనులూ ఒకటే అని. స్టేజి ఎక్కగానే జనాన్ని పట్టుకోవడానికి నిమిషం, నవల తెరిచాక పాఠకుణ్ణి పట్టుకోవడానికి కొన్ని పేజీలు. మధ్యలో ఎప్పుడు ఏది బయటపెట్టాలి అన్న లెక్క. చివర్లో బలంగా దిగాలి. ఇంగ్లీషు హాస్యగాళ్ళు ఒక ఒడుపు గురించి చెబుతారు. కెమెరాని మొదట దగ్గరగా పెట్టి ఒక మూల మాత్రమే చూపించి, తర్వాత వెనక్కి జరిపి గది మొత్తం చూపించడం. చెబితే అర్థం కాదు, ఒక ఉదాహరణ ఇస్తాను.

రాత్రి రెండు గంటలు. కరెంటు లేదు. వంటింట్లోంచి గిన్నె చప్పుడు. మా ఆవిడ మంచం మీంచి దిగ్గున లేచి, "ఎవరది?" అని అరిచింది. నా గుండె ఆగినంత పనైంది. కదల్లేదు. ఊపిరి కూడా పీల్చలేదు. మళ్ళీ అరిచింది, "ఎవరూ?" అని. నేను మెల్లిగా చేతిలో ఉన్న సున్నుండ డబ్బాలో పెట్టేశాను. (నవ్వులు) షుగరు మూడు వందలుందండీ నాకు, నవ్వుతారేం.

ఇప్పుడు గమనించండి. ఇందులో ఒక్క అబద్ధం లేదు. నేను మంచం మీద ఉన్నానని నేను చెప్పలేదు. మీరే నన్ను మా ఆవిడ పక్కన పడుకోబెట్టారు. నేను మీ ఊహని సరిదిద్దకుండా ఊరుకున్నాను, అంతే. బిల్లింగ్‌హామ్ నవలల్లో మలుపులు చాలావరకు ఈ పద్ధతిలో ఉంటాయి. మలుపు వచ్చాక కోపంతో వెనక్కి పేజీలు తిప్పుతాం, ఇక్కడ మోసం చేశాడు, పట్టుకుందాం అని. ప్రతి వాక్యం నిజమే ఉంటుంది. మోసపోయింది మన తొందర వల్ల.

మొదటి నవల 2001లో వచ్చింది, స్లీపీహెడ్. దాని కథని ప్రచురణకర్తలు అట్ట మీద రెండే ముక్కల్లో చెప్పారు. ఆ మాటల భావం ఇది. అతని చేతిలో మొదటి ముగ్గురూ చనిపోయారు. నాలుగో ఆమెకి అంత అదృష్టం లేదు.

ఒక్క క్షణం ఆగి చూడండి. ఇది జోకు కట్టుబడి. మొదటి వాక్యం వినగానే మనం ఒక మూలకి వెళ్ళి కూర్చుంటాం, రెండో వాక్యం గది మొత్తం చూపిస్తుంది. కాకపోతే నవ్వు రాదు, వెన్నులో చలి పుడుతుంది. చనిపోవడం అదృష్టమా? అయితే ఆ నాలుగో ఆమెకి ఏమైంది?

ఆమె పేరు ఆలిసన్. హంతకుడు మెడ దగ్గర రక్తనాళాల్ని నొక్కి పక్షవాతం తెప్పిస్తాడు. మెదడు కింది భాగంలో, కాండం లాంటి చోట దెబ్బ తగిలితే ఒక స్థితి వస్తుంది. డాక్టర్లు దాన్ని లాక్డ్ ఇన్ సిండ్రోమ్ అంటారు. మనిషికి పూర్తిగా స్పృహ ఉంటుంది. వినిపిస్తుంది, కనిపిస్తుంది, అన్నీ అర్థమవుతాయి. కానీ కాలు కదలదు, చెయ్యి కదలదు, మాట రాదు. కళ్ళు మాత్రం కొద్దిగా ఆడతాయి. ఫ్రాన్సులో ఒక పత్రికా సంపాదకుడు నిజంగా ఈ స్థితిలో పడి, ఎడమ కంటి రెప్ప ఒక్కటే ఆడిస్తూ అక్షరం అక్షరం చెప్పి ఒక పుస్తకం రాయించాడు, 1997లో అచ్చయింది. ఇక్కడ నవలలో ఇన్‌స్పెక్టర్‌కి మెల్లిగా అర్థమయ్యేదేమిటంటే, చనిపోయిన ముగ్గురూ హంతకుడి దృష్టిలో చేతితప్పిన పనులు. ఆలిసన్ ఒక్కతే అతను అనుకున్నట్టు కుదిరిన పని. బతికుండగా శరీరంలో బందీ చేయడమే అతని ఉద్దేశం.

ఇంతవరకు తెలివైన ఆలోచన, అంతే. తెలివైన ఆలోచనలు చాలామందికి వస్తాయి. నన్ను పట్టుకుంది ఇంకొకటి. అధ్యాయాల మధ్య ఆలిసన్ మాట్లాడుతుంది. బయటికి కాదు, లోపల. ఆ గొంతు ఏడుపు గొంతు కాదు. వెటకారం. తన చుట్టూ తిరిగే నర్సుల మీద, డాక్టర్ల మీద, తన మీద తను జోకులు వేసుకుంటూ ఉంటుంది. ఎవరికీ వినిపించదని తెలిసి. ఇది రాయాలంటే ఖాళీ హాల్లో జోకు చెప్పి, ఎవరూ నవ్వకపోతే ఆ నిశ్శబ్దం ఎలా ఉంటుందో ఒంటికి తెలిసినవాడే రాయాలి. ఒకసారి మా నాటకం వాన రోజున పదకొండుమంది ముందు ఆడాం. అందులో ముగ్గురు టెంటువాళ్ళు. ఆ నిశ్శబ్దం నాకు ఇప్పటికీ గుర్తే. అందుకేనేమో ఆ భాగాలు చదివేటప్పుడు పుస్తకం మూసి కాసేపు వరండాలో తిరిగాను.

ఇక మాంచెస్టర్ సంగతి. ఇది నవల కాదు, నిజం. 1997లో బిల్లింగ్‌హామ్, పీటర్ కాక్స్ పని మీద మాంచెస్టర్ వెళ్ళి ఒక హోటల్లో దిగారు. ముసుగులు వేసుకున్న ముగ్గురు గదిలోకి జొరబడ్డారు. ఇద్దర్నీ కట్టేసి, గంటలతరబడి బందీలుగా ఉంచి, దోచుకుని పోయారు. ప్రాణాలకి ఏమీ కాలేదు. పోయినవి డబ్బులు, వస్తువులు. కానీ ఆ గంటల్లో కట్లతో పడి ఉన్నవాడికి ఏమీ కాదన్న సంగతి తెలియదు కదా. మనం ఇవాళ కూర్చుని చెప్పుకుంటున్నాం కాబట్టి అది దోపిడీ. ఆ గదిలో నేల మీద ఉన్నవాడికి అది చావు.

ఆయనే తర్వాత చాలాచోట్ల చెప్పాడు, రెండో నవలకి బీజం అదేనని. స్కేర్డీ క్యాట్, 2002. అందులో ఇద్దరు హంతకులు. ఒకే రోజు రెండు హత్యలు, పద్ధతి ఒకటే, చేతులు వేరు. ఒకడు ఆడించేవాడు, రెండోవాడు భయంతో ఆడేవాడు. నవలలో అసలు ఆయుధం కత్తి కాదు, భయం. ఒక మనిషి భయాన్ని పట్టుకుని ఇంకొకడు వాడితో ఏమైనా చేయించగలడు అన్న విషయం. దీన్ని లైబ్రరీలో కూర్చుని చదివి రాయలేరండీ.

నా ఉద్దేశంలో ఈ రెండూ కలిసినచోట బిల్లింగ్‌హామ్ తయారయ్యాడు. స్టేజి ఆయనకి ఎదుటివాణ్ణి ఎలా పట్టి ఉంచాలో నేర్పింది. ఆ హోటల్ గది, పట్టి ఉంచబడ్డవాడికి ఎలా ఉంటుందో నేర్పింది. అందుకని ఆయన పుస్తకాల్లో హంతకుడి తెలివితేటల కంటే దెబ్బతిన్నవాళ్ళ గోడు ఎక్కువ వినిపిస్తుంది. పదేళ్ళు దాటాక కూడా ఆ గది ఆయన్ని వదల్లేదు. 2011లో వచ్చిన గుడ్ యాజ్ డెడ్ చూడండి. దక్షిణ లండన్లో చిన్న పేపర్ల కొట్టు నడుపుకునే జావేద్ అఖ్తర్ అనే పెద్దమనిషి, రోజూ వచ్చి కొనుక్కునే ఒక పోలీసమ్మాయిని తుపాకీ చూపించి కొట్లోనే బందీ చేస్తాడు. డబ్బు కోసం కాదు. బాలనేరస్థుల జైల్లో తన కొడుకు చనిపోయాడు. ఆత్మహత్య అన్నారు. నమ్మడు. నిజం కనుక్కుని చెప్పండి, అప్పుడు వదులుతాను అంటాడు. ఇక్కడ బందీకీ భయమే, బందీ చేసినవాడికీ భయమే. తనని కట్టేసినవాళ్ళని పద్నాలుగేళ్ళుగా తలుచుకుంటున్న మనిషి, కట్టేసేవాడి చేతులు కూడా వణుకుతాయని రాయగలిగాడు చూశారా, అక్కడ నేను లేచి దణ్ణం పెట్టాను.

ఆయన ఇన్‌స్పెక్టర్ పేరు టామ్ థోర్న్. మొన్నమొన్నటిదాకా దాదాపు ప్రతి ఏడూ ఒక నవలలో కనిపించాడు. లండన్లో ఉత్తరం వైపు ఉంటాడు, బిల్లింగ్‌హామ్ లాగే. పుట్టినరోజు జులై 2, బిల్లింగ్‌హామ్ లాగే. అమెరికా కంట్రీ మ్యూజిక్ అంటే ప్రాణం, అదీ అంతే. ఫుట్‌బాల్ జట్టు మాత్రం వేరు. థోర్న్ టాటెన్‌హామ్ అభిమాని, రచయిత వుల్వ్స్ అభిమాని. అన్నీ ఇచ్చి జట్టు ఇవ్వలేదు. అభిమానం అలాంటిది, మనకి తెలియంది కాదు. థోర్న్ స్నేహితుడు ఫిల్ హెండ్రిక్స్, శవపరీక్షలు చేసే డాక్టరు. ఒళ్ళంతా పచ్చబొట్లు, పోగులు. స్వలింగ ప్రేమికుడు. ఆ సంగతిని రచయిత ఎక్కడా పెద్ద విషయం చేయడు. వాళ్ళిద్దరూ సోఫాలో కూర్చుని బీరు తాగుతూ మ్యాచి చూసే చోట్లు నాకు హత్యల కంటే ఇష్టం.

ఇంకొకరున్నారు, థోర్న్ తండ్రి జిమ్. పెద్దాయనకి అల్జైమర్స్. మతిమరుపు రోగం అంటే మనం దీనంగా కూర్చున్న ముసలాయన్ని ఊహించుకుంటాం. ఈయన అలా కాదు. అర్ధరాత్రి ఫోను చేసి కొడుకుని క్విజ్ ప్రశ్నలు అడుగుతాడు. అందరి ముందూ బూతు జోకులు వేస్తాడు. జోకు సగం చెప్పి చివరి ముక్క మర్చిపోతాడు. హాస్యగాడికి ఇంతకంటే పెద్ద పీడకల ఇంకేముంటుంది చెప్పండి? మా పెదనాన్నగారు చివరి రెండేళ్ళూ ఇలాగే పద్యం మొదటి పాదం ఎత్తుకుని ఆగిపోయేవారు. మేమందరం పక్కనుంచి అందించేవాళ్ళం, ప్రాంప్టర్లలాగ. కొన్నిసార్లు కోప్పడేవారు, నాకు తెలుసులేరా అని.

బిల్లింగ్‌హామ్‌లో నాకు నచ్చనివి లేవా అంటే ఉన్నాయి. ఒంటరి పోలీసు, చెడిన పెళ్ళి, రాత్రిపూట పాటలు, పై అధికారితో తగాదా, ఈ సరుకంతా ఆయన కంటే ముందే ఇంగ్లీషు క్రైమ్ నవలలో అరిగిపోయింది. తొలి నవలల్లో ఆడవాళ్ళ మీద జరిగే హింస కొన్నిచోట్ల అవసరానికి మించి ఉందని నాకనిపించింది. ఆలిసన్‌కి గొంతు ఇచ్చిన మనిషి, మిగతా ముగ్గురికీ ఎందుకివ్వలేదు అని కూడా అనిపించింది. ఇంకోటి. 2021లో ఒక సాహిత్య ఉత్సవంలో ఆయన, ఇరవై పేజీల్లో పుస్తకం పట్టుకోకపోతే అవతల పారేయండి అన్నట్టు మాట్లాడాడు. పత్రికల్లో రగడ కూడా అయింది. అది గంట కొట్టే క్లబ్బు నుంచి వచ్చిన మనిషి మాట. నేను ఒప్పుకోను. మేం అద్దె పుస్తకాల షాపులో రోజుకి పావలా ఇచ్చి తెచ్చుకున్న తరం. పావలా ఇచ్చాక ఇరవై పేజీలకి వదలడమా? చివర్లో ప్రకటనలు కూడా చదివేవాళ్ళం.

బహుమతుల సంగతి క్లుప్తంగా. ఇంగ్లాండులో హారోగేట్ అనే ఊళ్ళో ఏటా క్రైమ్ నవలల పండగ జరుగుతుంది. ఏడాదిలో మేటి క్రైమ్ నవలకి అక్కడ ఒక బీరు కంపెనీ పేరు మీద బహుమతి ఇస్తారు, జ్ఞాపికగా చెక్కతో చేసిన చిన్న బీరు పీపా. 2005లో ఆ బహుమతి మొదలుపెట్టినప్పుడు మొట్టమొదట అందుకున్నది బిల్లింగ్‌హామే, లేజీబోన్స్ అనే నవలకి. 2009లో డెత్ మెసేజ్‌కి మళ్ళీ ఆయనకే. ఆ రెండోది థోర్న్ ఫోనుకి ఒక శవం ఫోటో రావడంతో మొదలవుతుంది. మొదటి నిమిషం అంటే అలా ఉండాలి. ఆ పండగ జరిగే హోటల్‌కి ఇంకో కథ కూడా ఉంది. 1926లో అగాథా క్రిస్టీ ఇంట్లోంచి మాయమై, దేశమంతా వెతుకుతుంటే, పదకొండు రోజుల తర్వాత దొరికింది ఆ హోటల్లోనే. పోలీసులు చెరువులు గాలిస్తుంటే ఆవిడ అక్కడ వేరే పేరుతో దిగి ఉన్నారు.

మనకి దగ్గరగా వచ్చే నవల ఒకటుంది, లవ్ లైక్ బ్లడ్, 2017. పరువు హత్యల మీద. లండన్లో స్థిరపడ్డ దక్షిణాసియా కుటుంబాలు, పిల్లలు తమకి నచ్చినవాళ్ళని ప్రేమిస్తే, డబ్బిచ్చి బయటివాళ్ళతో ఆ పని చేయించడం. చదువుతుంటే నాకు లండన్ కనిపించలేదు. మన జిల్లా పేపర్లు కనిపించాయి. నా పక్కనే కూర్చుని టీ తాగే మనుషులు కనిపించారు. ఆ నవల గురించి ఎక్కువ చెప్పను, అమ్మాయిలున్న తల్లిదండ్రులు సంపాదించి చదవండి.

2010లో థోర్న్ టీవీకి ఎక్కాడు. డేవిడ్ మోరిస్సే వేశాడు. మొదటి రెండు నవలలూ, ఒక్కోటి మూడు భాగాలు. బాగుంటుంది. బిల్లింగ్‌హామ్‌కి మాత్రం తను సృష్టించిన పోలీసు వేషం కూడా దక్కలేదు. (నవ్వులు) ఆ నవ్వులో నా నవ్వే పెద్దగా వినిపించింది కదా, ఎందుకో మీకు తెలుసు.

ఇక చివరి సంగతి. ఇరవై ఏళ్ళకి పైగా హత్యలు రాశాక, 2023లో ఆయన కొత్త డిటెక్టివ్‌ని తెచ్చాడు. నవల ది లాస్ట్ డాన్స్. ఊరు లండన్ కాదు, బ్లాక్‌పూల్. సముద్రం ఒడ్డున తిరునాళ్ళలాంటి ఊరు, రంగుల దీపాలు, పాత డాన్సు హాళ్ళు, చవక హోటళ్ళు. ఆ డిటెక్టివ్ పేరు డెక్లన్ మిల్లర్. రెండు ఎలకల్ని పెంచుకుంటాడు, జతగా డాన్సు చేస్తాడు. ఎక్కడ నోరు మూసుకోవాలో సరిగ్గా అక్కడే జోకు వేస్తాడు. అతని భార్య కూడా పోలీసే, హత్యకి గురైంది, హంతకుడు దొరకలేదు. మిల్లర్ రాత్రి ఇంటికొచ్చి ఆవిడతో మాట్లాడతాడు. ఆవిడ తిరిగి జవాబు కూడా చెబుతుంది. పోయిన మనిషి ఇంట్లో ఎలా మిగిలి ఉంటుందో తెలిసినవాళ్ళకి అందులో దయ్యం ఏమీ కనపడదు.

ఈ నవల వచ్చినప్పుడు కొందరు పాత పాఠకులు, ఈయన తేలిక రచనల్లోకి దిగాడు అన్నారు. నాకేమో, స్టేజి దిగిన మనిషి మళ్ళీ స్టేజి ఎక్కినట్టుంది. ఇన్నేళ్ళూ జోకుల్ని హెండ్రిక్స్ నోట్లో, ముసలి జిమ్ నోట్లో, మంచానికి అంటుకుపోయిన ఆలిసన్ లోపల దాచి దాచి పెట్టాడు. ఇప్పుడు తన డిటెక్టివ్‌కే ఇచ్చేశాడు. ఏడుపు ఆపుకోవడానికి జోకు వేసేవాణ్ణి నవ్వించేవాడు అనుకుంటే అది మన పొరపాటు. అన్నట్టు ఆయన నిజంగానే స్టేజి ఎక్కాడు కూడా. ఆరుగురు క్రైమ్ రచయితలు కలిసి ఒక బ్యాండు పెట్టుకున్నారు. ఆయన, వాల్ మెక్‌డెర్మిడ్, ఇంకా నలుగురు. హత్యల మీద, నేరాల మీద ఉన్న పాత పాటలన్నీ ఏరి పాడతారు. 2019లో గ్లాస్టన్‌బరీ సంగీతోత్సవంలో కూడా పాడారు.

రెండు పుస్తకాలు తెచ్చాను. స్లీపీహెడ్ ఒకటి, ది లాస్ట్ డాన్స్ ఒకటి. మొదటిది రాత్రి ఒంటరిగా ఉండేవాళ్ళు తీసుకోవద్దు. వచ్చే నెల సమావేశానికి తిరిగి తేవాలి, పేరు, ఫోను నంబరు ఇక్కడ రాసి వెళ్ళండి. పోయినసారి ఇచ్చినవే ఇంకా రాలేదు, ఎవరి దగ్గరున్నాయో నాకు తెలుసు.

మూడో వరసలో ఆయన ఫోను పక్కన పెట్టేసి చాలాసేపయింది. నేను అప్పట్నుంచి గమనిస్తూనే ఉన్నాను, పర్వాలేదు, మనిషిని పట్టుకున్నాం అని లోపల సంబరపడుతూ ఇంతసేపు మాట్లాడాను. ఇప్పుడే పక్కాయన్ని ఛార్జరుందా అని అడుగుతున్నారు.